అటక మీది క్యాసెట్ నుంచి హార్డ్ డిస్కు దాకా: విశాఖ ఉప్పుగాలిలో వీడియో కాపీ చిక్కులు

పెదవాల్తేరులో మా పెద్దమ్మ ఇంటి అటక మీద నుంచి మూడేళ్ల కిందట ఒక అట్టపెట్టె దిగింది. అందులో పద్నాలుగు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, ఆరు చిన్న డీవీ క్యాసెట్లు, పెళ్లి సీడీల దొంతర ఒకటి, ఎప్పుడో సెట్‌టాప్ బాక్సుకు తగిలించి వదిలేసిన హార్డ్ డిస్కు ఒకటి ఉన్నాయి. "ఇవన్నీ ఒకే దాంట్లోకి ఎక్కించి ఇవ్వు నాన్నా, మనవరాలికి చూపించాలి" అంది. ఆదివారం మధ్యాహ్నం పని అనుకున్నాను. ఐదు నెలలు పట్టింది. ఆ తరువాత సీతమ్మధార, గాజువాక, భీమిలి చుట్టాల పెట్టెలు కూడా మా ఇంటికి వరస కట్టాయి. వాటిలో ఎదురైన తంటాలూ, వాటికి దొరికిన మందులూ ఇవి.

మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయండి. క్యాసెట్ వెన్నువైపు చివర చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. అది ఇంకా ఉంటే విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు. రెండోది, వీసీఆర్‌ను కంప్యూటర్‌కు కాకుండా ముందు నేరుగా టీవీకి కలిపి చూడండి. టీవీలోనూ బొమ్మ చెడుగా ఉంటే దోషం క్యాసెట్‌లోనో వీసీఆర్‌లోనో ఉంది. టీవీలో బాగుండి కంప్యూటర్‌లో చెడితే తీగలనూ, వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ పరికరాన్నీ అనుమానించండి. నేను ఈ పరీక్ష చేయకుండా రెండు వారాలు సాఫ్ట్‌వేర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. తీరా చూస్తే వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ నిండా మురికి.

రీలు అంచున తెల్లటి పొడి లేదా నూలుపోగుల్లాంటివి కనిపిస్తున్నాయి

ఇది బూజు. మన ఊళ్లో ఇదే అన్నిటికన్నా పెద్ద శత్రువు. సముద్రపు తేమ ఏడాది పొడవునా ఉంటుంది, దానికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో వాన నేరుగా అటకల మీదికి దిగింది. అప్పుడు తడిసి, పైపైన ఆరి, మళ్లీ ఎవరూ తెరవని పెట్టెలే ఇప్పుడు బయటికి వస్తున్నాయి.

క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూడండి. తెలుపు కనిపిస్తే ఆ క్యాసెట్‌ను ఏ వీసీఆర్‌లోనూ పెట్టవద్దు. బూజు హెడ్ మీదికి ఎక్కుతుంది, అక్కడి నుంచి తరువాత పెట్టే మంచి క్యాసెట్‌కు అంటుకుంటుంది. నేను ఇలా ఒక బాగున్న క్యాసెట్‌ను చేతులారా పాడుచేసుకున్నాను.

ముందు ఆరబెట్టాలి. అలాగని డాబా మీద అప్పడాల్లా ఎండబెట్టకండి, వేడికి టేపు వంకర తిరుగుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, క్యాసెట్‌ను వారం పది రోజులు అందులో ఉంచండి. బూజు పొడిబారాక ముక్కుకు మాస్కు కట్టుకుని, ఇంటి బయట కూర్చుని, క్యాసెట్ అడుగున ఉన్న ఐదు మరలు విప్పండి. రీళ్లను చేత్తో మెల్లగా తిప్పుతూ నూలు రాలని మెత్తటి గుడ్డతో టేపు రెండు వైపులా తుడవాలి. విసుగు పుట్టించే పని, గంటలు పడుతుంది. తుడిచిన రీళ్లను బూజు లేని వేరే క్యాసెట్ పెట్టెలోకి మార్చండి. ఇలాంటి వాటిని ఆడించడానికి పోయినా బాధ లేని పాత వీసీఆర్ ఒకటి విడిగా పెట్టుకోవడం మేలు. కొత్తది కొందామంటే దొరకదు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో మానేసింది.

మాట వినిపిస్తోంది, తెర నిండా చుక్కలే

వీడియో హెడ్ మూసుకుపోయింది. మంచిదని ముందే తెలిసిన క్యాసెట్ పెట్టినా ఇలాగే ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. తీగ ఊడదీసి, మూత విప్పి, గుండ్రటి డ్రమ్మును చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన షామీ అనే మెత్తటి తోలు ముక్కను డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మును పైనుంచి తిప్పండి. తోలును పైకీ కిందికీ రుద్దకూడదు, చెవి పుల్ల అసలే వాడకూడదు. దూది పోగు తగులుకుంటే వెంట్రుకంత హెడ్ విరిగిపోతుంది. ఆరేదాకా ఆగి, అప్పుడు క్యాసెట్ పెట్టండి.

వీసీఆర్ క్యాసెట్‌ను తీసుకోవడం లేదు, తెర మీద డ్యూ అని వస్తోంది

ఏసీ గదిలోంచి వరండాలోకి తెచ్చారా? మే నెలలో మన కళ్లద్దాలు ఎలా మసకబారుతాయో లోపలి డ్రమ్ము మీద కూడా అలాగే నీరు పడుతుంది. తడి డ్రమ్ముకు టేపు అతుక్కుని చుట్టుకుపోకుండా యంత్రమే అడ్డుపడుతోంది. కరెంటు ఇచ్చి, క్యాసెట్ లేకుండా కొన్ని గంటలు వదిలేయండి. క్యాసెట్లను కూడా అదే గదిలో ముందురోజే పెట్టండి.

బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తోంది

దీనికి మూడు కారణాలు చూశాను. మొదటిది మన ఊరి కారణం: బొమ్మను మోసే పసుపు పిన్ను మీదా, వీసీఆర్ వెనక రంధ్రం మీదా ఉప్పుగాలికి పట్టిన చిలుము. పిన్నును నాలుగుసార్లు తిప్పి చూడండి, రంగు వచ్చి పోతుంటే అదే. ఆల్కహాల్‌తో తుడిచి, వీలైతే తీగ మార్చండి. రెండోది, సాఫ్ట్‌వేర్‌లో ఎస్-వీడియో (వేరే రకం గుండ్రటి పిన్ను) ఎంచుకుని తీగ మాత్రం పసుపు పిన్నుకు కలపడం. ఒక్క నొక్కుతో సరి.

మూడోది కాస్త లోతైనది. మన క్యాసెట్లది పాల్ పద్ధతి: బొమ్మకు 625 అడ్డగీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా క్యాసెట్లది ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకు సుమారు 30. ఈ ఊళ్లో అమెరికా చుట్టం లేని ఇల్లు తక్కువ. అక్కడి సీమంతాలూ బారసాలలూ క్యాసెట్లుగా ఇక్కడికి వచ్చాయి. వాటిని పాల్ మాత్రమే తెలిసిన వీసీఆర్‌లో పెడితే బొమ్మ దొర్లుతుంది, రంగు పోతుంది. ఎన్‌టీఎస్‌సీ కూడా ఆడించే వీసీఆర్ కావాలి. మన దగ్గర అమ్మిన చాలా మోడళ్లు ఆడిస్తాయి, వెనక స్విచ్చో మెనూలో ఎంపికో ఉంటుంది. క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకటొకటిగా మార్చి చూడండి. కొన్ని వీసీఆర్లు ఆ క్యాసెట్‌ను పాల్-60 అనే మధ్యేమార్గంలో బయటికి పంపుతాయి. టీవీకి అది అర్థమవుతుంది గానీ చవక క్యాప్చర్ పరికరాలు చాలా వాటికి అర్థం కాదు.

పైభాగం జెండాలా రెపరెపలాడుతోంది

టేపు సాగడం వల్ల ఒక్కో గీత మొదలయ్యే సమయం కొంచెం అటూ ఇటూ అవుతుంది. పాత డబ్బా టీవీ దీన్ని సర్దుకుపోయేది, డిజిటల్ పరికరం సర్దుకోదు. ఆ సమయాన్ని సరిచేసే టీబీసీ (టైమ్ బేస్ కరెక్టర్) ఉన్న వీసీఆర్ అయితే ఉత్తమం. అది లేకపోతే మధ్యలో డీవీడీ రికార్డర్ పెట్టి, వీసీఆర్ నుంచి దానికి, దాని నుంచి క్యాప్చర్ పరికరానికి కలపండి. డిస్కు పెట్టనక్కర్లేదు, బొమ్మ దానిలోంచి దాటితే చాలు. అన్ని మోడళ్లూ ఈ మేలు చేయవు, నా దగ్గరున్నది చేసింది. అడుగున కనిపించే సన్నటి చెదురు మాత్రం ప్రతి వీహెచ్‌ఎస్‌లోనూ ఉంటుంది. అది ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోటు. పాత టీవీలు దాన్ని చట్రం వెనక దాచేసేవి.

గట్టిమేళంలో పుల్ల ముందు కదులుతోంది, డోలు దెబ్బ తరువాత వినిపిస్తోంది

శబ్దం బొమ్మతో కలవడం లేదు. డోలు పుల్ల తగిలే క్షణాన్ని క్యాసెట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. రెండు చోట్లా తేడా ఒకేలా ఉంటే సులువు, ఎడిటింగ్‌లో శబ్దాన్ని అంతే జరపండి. మొదట్లో సరిగా ఉండి పోనుపోను తేడా పెరిగితే, మధ్యలో ఫ్రేములు రాలిపోతున్నాయి. వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్యాప్చర్ చేస్తే ఎన్ని రాలాయో అంకె కనిపిస్తుంది.

చవక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరాల్లో బొమ్మది ఒక గడియారం, శబ్దానిది మరొకటి. టేపు నలిగిన చోట బొమ్మ ఆగుతుంది, శబ్దం సాగిపోతుంది. పరికరాన్ని యూఎస్‌బీ హబ్‌లోంచి తీసి నేరుగా కంప్యూటర్‌కు పెట్టండి, క్యాప్చర్‌ను బయటి డిస్కు మీదికి కాకుండా లోపలి డిస్కు మీదికే చేయండి, ఆ గంటసేపు వేరే పని చేయకండి. శబ్దం 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. అప్పటికీ రాలుతుంటే పైన చెప్పిన డీవీడీ రికార్డర్ ఇక్కడా ఆదుకుంటుంది. మూడు గంటల క్యాసెట్‌ను అరగంట ముక్కలుగా చేసుకుంటే తేడా పేరుకోదు.

డీవీ క్యాసెట్‌లో గళ్లు గళ్లుగా విరిగిపోతోంది

ఇది డిజిటల్ టేపు, బూజూ మురికీ ఇక్కడ చుక్కలుగా కాక గళ్లుగా కనిపిస్తాయి. హెడ్ క్లీనింగ్ క్యాసెట్‌ను కొన్ని సెకన్లు మాత్రమే ఆడించండి. ఎల్‌పీలో (ఎక్కువసేపు పట్టేలా టేపును నెమ్మదిగా నడిపే పద్ధతిలో) రికార్డు చేసినదైతే తీసిన కెమెరాతోనే ఆడించాలి, వేరే కెమెరాకు తరచుగా పొసగదు. దీన్ని పసుపు పిన్నుతో కాకుండా ఫైర్‌వైర్ తీగతో దించండి, అప్పుడు టేపులో ఉన్నది ఉన్నట్టే వస్తుంది. గంటకు సుమారు 13 జీబీ.

కాపీ ఇరవై నిమిషాలకు ఆగిపోతోంది, డిస్కులో మాత్రం బోలెడు చోటుంది

పైన చెప్పిన 13 జీబీని గుర్తుచేసుకోండి. ఇరవై నిమిషాలంటే నాలుగు జీబీ పైచిలుకు. మీ బయటి డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంది, అందులో ఒక్క ఫైలు 4 జీబీని దాటలేదు. డిస్కులో ఉన్నవన్నీ వేరే చోటికి తీసి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. మధ్య మధ్యలో డిస్కు దానంతటదే ఊడిపోయి మళ్లీ కలుస్తుంటే కరెంటు చాలడం లేదు. పొట్టి తీగ వాడి, డెస్క్‌టాప్ అయితే వెనక రంధ్రంలో పెట్టండి. టకటకమని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ పెట్టి చూడటమే దాన్ని పూర్తిగా చంపుతుంది.

సెట్‌టాప్ బాక్సు డిస్కును కంప్యూటర్‌కు పెడితే ఫార్మాట్ చేయమంటోంది

వద్దు అనండి. సాధారణంగా ఆ రికార్డింగులకు తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఆ బాక్సులోనే ఉంటుంది. ఇంకో బాక్సుకు పెట్టినా తెరవదు. పాత బాక్సు పనిచేస్తుంటే, దాని ఆడియో-వీడియో పిన్నుల నుంచి డీవీడీ రికార్డర్‌కు కలిపి, గంట బొమ్మకు గంట చొప్పున ఆడించుకోవడమే దారి. మా పెద్దమ్మ బాక్సు అప్పటికే పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది. సింహాచలం చందనోత్సవం ప్రసారం అందులో ఉందని ఆమె ఇప్పటికీ అంటుంది.

పెళ్లి సీడీ కాపీ కావడం లేదు

వీసీడీ (వీడియో సీడీ) అయితే లోపల ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో .dat ఫైలు ఉంటుంది. కాపీ చేసుకుని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవండి, ఆడుతుంది. సగంలో ఆగితే సీడీని దీపానికి అడ్డంగా పట్టుకోండి. సూదిమొన రంధ్రాల్లో వెలుగు కనిపిస్తే లోహపు పొరే పోయింది, ఆ చోట చేయగలిగింది లేదు. గీతలు అడుగువైపు ఉంటే ఆశ ఉంది. మధ్య నుంచి అంచుకు తుడిచి, వేరే డ్రైవులో పెట్టి చూడండి. ఒక డ్రైవు చదవలేనిది ఇంకొకటి చదవడం ఎన్నోసార్లు చూశాను. పళ్లపొడీ పేస్టూ రుద్దే వైద్యం నాకు నమ్మకం లేదు.

డీవీడీ ఖాళీగా కనిపిస్తుంటే కంగారుపడకండి, రికార్డు చేసినవారు ఫైనలైజ్ (వేరే యంత్రాలూ చదివేలా చివర్లో డిస్కును ముగించడం) చేయలేదు. రికార్డు చేసిన యంత్రంలోనే పెట్టి ఆ పని పూర్తిచేయండి. ఆ యంత్రం లేకపోతే ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ లోపలిది చూపిస్తుంది.

డీవీడీ మీదికి రైట్ చేస్తే నాట్యం, బాణసంచా ఉన్నచోట గళ్లు పడుతున్నాయి

మూడు గంటల క్యాసెట్‌ను ఒక్క డిస్కులో కుక్కారు. పెట్టె మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది సుమారు 4.38. కదలిక ఎక్కువున్న చోట ఆ జాగా చాలదు. రెండు డిస్కులు చేయండి, రైట్ వేగం తగ్గించండి.

కొన్న సినిమా క్యాసెట్‌ను కాపీ చేస్తుంటే బొమ్మ వెలిగి ఆరుతోంది

అది కాపీ కాకుండా కంపెనీ పెట్టిన కాపలా. మరమ్మతు చేయాల్సిన దోషం కాదు, వదిలేయండి.

కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్లలా ఉన్నాయి

వీడియోలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా ఉంటుంది, కంప్యూటర్ రెంటినీ ఒకేసారి చూపిస్తోంది. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్లేస్ ఎంచుకుని వేరే ఫైలు చేయండి. అసలు క్యాప్చర్ ఫైలును మాత్రం అలాగే ఉంచండి.

అన్నీ సరిచేశాక కూడా పెద్ద టీవీలో బొమ్మ మసకగా ఉంది

వీహెచ్‌ఎస్‌లో ఒక గీత వెంబడి పట్టే వివరం సుమారు 240 గీతల పాటిదే. యాభై అంగుళాల టీవీలో అది మసకగానే ఉంటుంది. పదును పెంచే సాఫ్ట్‌వేర్లు ప్రయత్నించాను. పీటల మీద కూర్చున్న మా పెదనాన్నకు లేని మీసం మొలిచింది. పెద్దమ్మ చూసి, "ఈయనెవర్రా?" అంది. పాత ఫైలే తిరిగి పెట్టాను.