వేరే రాష్ట్రం కంపెనీకి కన్స్యూమర్ కేసు నోటీసు అందేలా చూసుకోవడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఆన్‌లైన్‌లో కొన్న ఫ్రిజ్ పాడైతే, కేసు కోసం కంపెనీ ఉన్న గురుగ్రామ్‌కో బెంగళూరుకో పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. విజయవాడలోనూ గుంటూరులోనూ కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఇక్కడిదాకా సులువే. వాయిదాలు పెరిగేది కంపెనీకి కమిషన్ నోటీసు చేరకపోవడం వల్ల, అది చేరనిది అడ్రసు తప్పడం వల్ల.

మొదట బిల్లు తీయండి. కేసు బ్రాండు పేరు మీద కాదు, కంపెనీ అసలు పేరు మీద వేయాలి. అమ్మినవాళ్లు, వెబ్‌సైటు నడిపేవాళ్లు, తయారుచేసినవాళ్లు తరచూ మూడు వేర్వేరు కంపెనీలు. బిల్లు మీది సిన్ (సీఐఎన్, అంటే కంపెనీ గుర్తింపు) నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి 21 ఉంటాయి. ఏడు, ఎనిమిది స్థానాల్లోవి రాష్ట్రాన్ని చెబుతాయి: కేఏ అంటే కర్ణాటక, హెచ్‌ఆర్ అంటే హర్యానా. ఆ నంబరుతో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో మాస్టర్ డేటా (కంపెనీ నమోదు వివరాలు) చూస్తే రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు దొరుకుతుంది. ఆ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

కేసుకు ముందు నోటీసు ఇవ్వాలని చట్టం పట్టుబట్టదు. అయినా తప్పక ఇవ్వండి, ఎందుకంటే అడ్రసు పనిచేస్తుందో లేదో తేలేది దానితోనే. 15 రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో అందులోనే కలిపేశారు. రిజిస్టర్డ్ ఆఫీసుకొకటి, కార్పొరేట్ ఆఫీసుకొకటి, ఈమెయిల్‌కొకటి వెళ్లాలి. రిజిస్టర్డ్ ఆఫీసు పేరుకే ఉన్న చిన్న గది కావచ్చు, వ్యాపారమంతా మరోచోట సాగుతుండవచ్చు. వ్యాపారం చేసే చోటికి కమిషన్ పంపిన నోటీసు సెక్షన్ 65 కింద చెల్లుతుంది. కాబట్టి విజయవాడ బందరు రోడ్డులో వాళ్ల బ్రాంచి ఉంటే దాన్నీ ప్రతివాదిగా చేర్చండి.

ఫిర్యాదు మూడు సెట్లు, పైగా ప్రతివాదికొక సెట్టు చొప్పున ఇవ్వాలి. ప్రతి సెట్టులోనూ బిల్లు, ఫొటోలు, ఉత్తరాల నకళ్లు ఉండాలి. ఇది చిన్న విషయం కాదు. కంపెనీ జవాబు దాఖలుకు ఉన్నది 30 రోజులు, మహా అయితే మరో 15. ఆ లెక్క మొదలయ్యేది ఫిర్యాదు ప్రతితో కలిపి నోటీసు అందిన రోజు నుంచేనని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఉత్త నోటీసే వెళితే, ఫిర్యాదు కాపీ అందలేదని చెప్పి కంపెనీ తప్పించుకుంటుంది.

కమిషన్ నోటీసు పంపాక ట్రాకింగ్ పేజీని వెంటనే ప్రింటు తీయండి. కవరు తిరిగొస్తే చింపకుండా అలాగే కమిషన్‌కు ఇవ్వండి, దాని మీద పోస్ట్‌మన్ రాసిన మాటే సాక్ష్యం. 'రిఫ్యూజ్డ్' (తీసుకోనన్నారు) అని ఉంటే నోటీసు అందినట్టే ప్రకటించమని కమిషన్‌లో మెమో (చిన్న రాతపూర్వక వినతి) వేయండి. అందినట్టు రసీదు రాకపోయినా, సరైన అడ్రసుకు పంపి 30 రోజులు గడిస్తే అదే కోరవచ్చు. 'లెఫ్ట్' (అక్కడి నుంచి వెళ్లిపోయారు) అని ఉంటే ఆ వాదన పనికిరాదు. మాస్టర్ డేటా మళ్లీ చూసి, కొత్త అడ్రసుతో తాజా నోటీసుకు అదే వాయిదాలో మెమో ఇవ్వండి.

అందాక కూడా కంపెనీ తరఫున ఎవరూ రాకపోతే ఎక్స్‌పార్టీ చేయమని, అంటే వాళ్లు లేకుండానే కేసు నడపమని అడగండి. అప్పుడైనా మీ ప్రమాణ పత్రం, బిల్లులతో కేసు రుజువు చేసుకోవాల్సింది మీరే.