సూపర్ మారియో మేకర్ 2లో మీ తొలి లెవెల్

2019 జూన్‌లో నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం కోసం వచ్చిన, మారియో ఆట లెవెళ్లను (దశలను) మనమే కట్టుకునే సూపర్ మారియో మేకర్ 2లో లెవెల్ తయారు చేయడానికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. తెర మీద కనిపించేది గళ్ల కాగితమే. స్విచ్‌ను చేతిలో పట్టుకుని, వేలితో గడిగడికీ ఇటుకలు, నాణేలు, గూంబాలు (పుట్టగొడుగుల్లాంటి చిన్న శత్రువులు) పరచుకుంటూ పోవచ్చు. అయితే ఆ గడులను నింపే ముందు స్టోరీ మోడ్‌లోని వందకు పైగా లెవెళ్లలో కొన్నయినా ఆడి, లెవెళ్లు కట్టడం నేర్పే యమమురా డోజోలోని పాఠాలు చూడండి.

మొదటి ప్రయత్నంలో అందరూ చేసే పొరపాటు, దొరికిన వస్తువులన్నిటినీ ఒకే లెవెల్‌లో కుక్కడం. ఒక్క ఆలోచననే తీసుకోండి. ఉదాహరణకు, తలతో కొడితే ఎర్ర దిమ్మెలూ నీలి దిమ్మెలూ ఒకదాని బదులు ఒకటి గట్టిపడే ఆన్/ఆఫ్ స్విచ్‌ను ఎంచుకున్నారనుకుందాం. దానిని మొదటిసారి, కిందపడినా ప్రాణం పోని నేల మీద పరిచయం చేయండి. రెండోసారి అదే అమరికను గోతి మీద పెట్టండి. శత్రువును ఆ తరువాతే ప్రవేశపెట్టండి. 1985 నాటి సూపర్ మారియో బ్రోస్ తొలి లెవెల్ చివర్లో మొదటి మెట్ల జంట మధ్య నేల ఉంటుంది, తరువాతి జంట మధ్య గొయ్యి ఉంటుంది. ఒక్క అక్షరం రాయకుండా ఆటగాడికి దూకడం నేర్పిన ఆ అమరికను మించిన పాఠం నాకు ఇంతవరకు కనిపించలేదు.

రెండు మూడు తెరల మేర పూర్తి కాగానే ఆడి చూడండి. ఎడిటర్‌కు, అంటే లెవెల్ కట్టే తెరకు, తిరిగి వచ్చినప్పుడు మారియో దూకిన దారి వరుస బొమ్మలుగా కనిపిస్తుంది కనుక, అందని ఇటుకను ఎంత దించాలో కంటితోనే తేల్చుకోవచ్చు. ప్రాణం పోతే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టే చెక్‌పాయింట్ జెండాలు రెండు వరకు పెట్టవచ్చు. కానీ అప్‌లోడ్ చేయాలంటే మొదటి నుంచీ, ప్రతి జెండా నుంచీ మీరే ఆడి లెవెల్ పూర్తి చేసి చూపాలి.

మీరు పూర్తి చేయగలిగినంత మాత్రాన లెవెల్ న్యాయంగా ఉన్నట్టు కాదు, ఎందుకంటే ఏ గోడ వెనుక ఏముందో మీకు ముందే తెలుసు. ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, పక్కన కూర్చుని, ఒక్క సూచన కూడా ఇవ్వకుండా గమనించండి. వారు ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నారో, ఏ గోతిలో పదేపదే పడుతున్నారో రాసుకుని, ఆ చోట్లనే సరిచేయండి. ఈ ఓపిక అప్‌లోడ్‌కు ముందే ఉండాలి. ఒకసారి పైకి పంపిన లెవెల్‌ను దిద్దే వీలు లేదు, తొలగించి మళ్లీ పంపవలసిందే. అప్‌లోడ్‌కు నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా కూడా అవసరం. ఆపైన వచ్చే 9 అక్షరాల కోడ్‌ను మిత్రులకు పంపితే, వారు నేరుగా మీ లెవెల్‌నే తెరిచి ఆడుకోవచ్చు.