చెమట పట్టాక ఏం తాగాలి?
గంటలోపు మామూలు వ్యాయామమైతే రంగురంగుల స్పోర్ట్స్ డ్రింకులు అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. ఎండలో గంటన్నర షటిల్ ఆడి టీషర్టు పిండుకునేలా తడిస్తే మాత్రం లెక్క వేరు. చెమటలో నీళ్లతోపాటు సోడియం (ఉప్పులో ఉండేదే) కూడా పోతుంది. ఉత్తి నీళ్లు గటగటా తాగేస్తే చాలావరకు మూత్రంలో వెళ్లిపోతాయి.

ఆటకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరున్నర, రెండు మూడు గంటల్లో కొంచెం కొంచెంగా తాగాలి. ఉప్పేసిన మజ్జిగ దీనికి భేష్. కానీ పల్చటి మజ్జిగలో ప్రొటీన్ తక్కువ. కండరాలు కోలుకోవడానికి పాలు మేలు: 250 మి.లీ. గ్లాసులో దాదాపు 8 గ్రాములు. అరటిపండు తోడైతే ఖర్చయిన గ్లైకోజెన్ (కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం) కూడా భర్తీ అవుతుంది. ఆట అయిన అరగంటలోపే పాలు తాగెయ్యాలన్న టెన్షన్ వద్దు. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్‌నే అడగాలి.