అమెరికాలో మిగిలిపోయిన మీ సొమ్మును రాష్ట్ర ప్రభుత్వం నుంచి తిరిగి పొందడం ఎలా?

చదువు కోసమో ఉద్యోగం కోసమో అమెరికాలో రాష్ట్రాలు మారుతూ వచ్చిన వారికి ఎక్కడో ఒకచోట కొంత సొమ్ము మిగిలిపోయే అవకాశం ఎక్కువ. కరెంటు కంపెనీకి కట్టిన డిపాజిట్, పాత చిరునామాకు వెళ్లిన చివరి జీతం చెక్కు, బీమా కంపెనీ రీఫండ్, మరిచిపోయిన బ్యాంకు ఖాతా వంటివన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఇలాంటి సొమ్మును సంస్థలు తమ దగ్గరే ఉంచేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. నిర్ణీత కాలం పాటు యజమాని నుంచి ఏ కదలికా లేకపోతే దానిని రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాలి. 50 రాష్ట్రాల్లోనూ, రాజధాని వాషింగ్టన్ డీసీలోనూ ఇందుకు చట్టాలున్నాయి.

మొదట చేయవలసిన పని మీరు అమెరికాలో నివసించిన చిరునామాలన్నిటినీ ఒక కాగితం మీద రాసుకోవడం. ఇది చిన్న పనిలా కనిపించినా అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. టెక్సస్, న్యూజెర్సీ రాష్ట్రాల మధ్య నడిచిన వ్యాజ్యంలో 1965లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, సంస్థ లెక్కల్లో యజమాని చివరి చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే సొమ్ము ఆ రాష్ట్రానికే చేరుతుంది. మీరు న్యూజెర్సీలో ఉండగా కాలిఫోర్నియా కంపెనీలో పనిచేసి, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నా, వెతకవలసింది న్యూజెర్సీలోనే. లెక్కల్లో చిరునామాయే లేకపోతే ఆ సొమ్ము కంపెనీ రిజిస్టరైన రాష్ట్రానికి వెళుతుంది. చాలా పెద్ద కంపెనీలు డెలావేర్‌లో రిజిస్టరై ఉంటాయి కాబట్టి ఆ రాష్ట్రాన్ని కూడా జాబితాలో చేర్చుకోండి.

తరువాత వెతకడం మొదలుపెట్టండి. మిస్సింగ్‌మనీ డాట్ కామ్ అనే ఉచిత వెబ్‌సైటులో పలు రాష్ట్రాల వివరాలు ఒకేచోట దొరుకుతాయి. అయినా అక్కడితో ఆగకుండా ప్రతి రాష్ట్రపు అధికారిక వెబ్‌సైటును విడిగా చూడాలి. వాటి లింకులన్నీ అన్‌క్లెయిమ్డ్ డాట్ ఆర్గ్‌లో ఉంటాయి. కొన్ని రాష్ట్రాల్లో ఈ సొమ్మును చూసే విభాగం ట్రెజరర్ (కోశాధికారి) కింద, కాలిఫోర్నియాలో కంట్రోలర్ (లెక్కల అధికారి) కింద, టెక్సస్, న్యూయార్క్ రాష్ట్రాల్లో అదే పదవికి మరో పేరైన కంప్‌ట్రోలర్ కింద పనిచేస్తుంది.

మన పేర్ల విషయంలో ఇక్కడ చాలా ఓపిక కావాలి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి మరొకసారి, పొడి అక్షరంగా ఇంకొకసారి వెతకండి. లక్ష్మి అనే పేరును ఒక కంపెనీ ఎక్స్ అక్షరంతోనూ, మరొకటి కె, ఎస్, హెచ్ అక్షరాలతోనూ రాసుకుని ఉండవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుండా వచ్చినవారికి వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అదే జీతం లెక్కల్లోకీ ఎక్కుతుంది. అలాంటివారు ఆ మూడక్షరాలనే మొదటి పేరుగా ఇచ్చి చూడాలి.

ఇటీవలే ఊరు మారినవారికి ఏమీ కనబడకపోవచ్చు. కాలిఫోర్నియాలో జీతానికి 1 సంవత్సరం, బ్యాంకు ఖాతాలకు 3 సంవత్సరాలు గడిచాకే సొమ్ము రాష్ట్రానికి చేరుతుంది. కాబట్టి ఏడాదికోసారి మళ్లీ చూడడం మంచిది.

మీ సొమ్ము కనబడితే ఆ వెబ్‌సైటులోనే క్లెయిమ్ ఫారం నింపండి. సాధారణంగా ఫొటో గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరు, పాత చిరునామాలో మీరే ఉన్నారని చూపే కాగితం అడుగుతారు. చివరిదాని దగ్గరే చాలామంది చిక్కుకుపోతారు. పాత డబ్ల్యూ-2 (జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఏటా ఇచ్చే పత్రం), ఇంటి లీజు, బ్యాంకు స్టేట్‌మెంటు వంటివాటిలో ఏది దొరికినా దాచి ఉంచుకోండి. భారతదేశానికి తిరిగి వచ్చేసినవారు కూడా క్లెయిమ్ చేయవచ్చు, సోషల్ సెక్యూరిటీ నంబరు జీవితాంతం మారదు. అమెరికా నోటరీ సంతకం అవసరమైతే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో ముందుగా సమయం తీసుకుని రుసుము కట్టి చేయించుకోవచ్చు. మరణించినవారి సొమ్ముకు మరణ ధృవీకరణ పత్రం, వారసత్వాన్ని నిరూపించే పత్రాలు కూడా జతచేయాలి.

క్లెయిమ్ చేసినందుకు రాష్ట్రాలు రుసుము తీసుకోవు. ముందుగా డబ్బు కట్టమని ఎవరైనా ఫోనులో గానీ మెసేజీలో గానీ అడిగితే అది మోసమే. చట్టబద్ధంగా వెతికిపెట్టే ఏజెంట్లు ఉన్నమాట నిజమే. కాలిఫోర్నియా, టెక్సస్ చట్టాలు వారి ఫీజును 10 శాతానికి పరిమితం చేశాయి. కానీ మీరే ఉచితంగా చేయగలిగే పనికి ఆ పది శాతం కూడా ఎందుకివ్వాలి?

షేర్లున్నవారు మాత్రం ఆలస్యం చేయకూడదు. నగదు ఎన్నాళ్లున్నా చాలా రాష్ట్రాల్లో హక్కు పోదు గానీ, షేర్లను రాష్ట్రం అమ్మేస్తే మీకు దక్కేది అమ్మిన నాటి ధరే, ఆ తరువాతి పెరుగుదల రాదు. అందుకే బ్రోకరేజి ఖాతాలో చిరునామా ఎప్పటికప్పుడు మార్చుకోవాలి, ఖాతా గురించి సంస్థ ఉత్తరం రాస్తే వెంటనే జవాబివ్వాలి.

ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఆదాయపు పన్ను రీఫండులు ఈ రాష్ట్రాల జాబితాలో సాధారణంగా కనబడవు. వాటి కోసం ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్‌నే అడగాలి. పాత కంపెనీలో వదిలేసిన 401కె పింఛను ఖాతాల కోసం ఫెడరల్ కార్మిక శాఖ 2024 డిసెంబరులో విడిగా ఒక డేటాబేస్ తెరిచింది, లాగిన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా గుర్తింపు నిరూపించుకుని అందులో వెతకవచ్చు.