అన్నవాహిక స్మాల్ సెల్ క్యాన్సర్: రిపోర్టులోని మార్కర్లను ఏ వరసలో చదవాలి

అన్నవాహిక క్యాన్సర్లలో స్మాల్ సెల్ (చిన్న కణాలతో వేగంగా పెరిగే) రకం నూటికి ఒకటి రెండు కేసులకు మించదు. వైద్య సాహిత్యంలో ఇది తొలిసారి నమోదైంది 1952లో. పెద్ద డాక్టర్లు కూడా అరుదుగా చూసే జబ్బు కావడంతో రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లోవాళ్లు ఇంటర్నెట్‌లో వెతుకుతారు. కి-67 (విభజన దశలో ఉన్న కణాల శాతం చూపే మార్కర్) పక్కన 90 శాతం అని కనబడగానే గుండె జారిపోతుంది. ఆ అంకె ఒక్కటే రోగి భవిష్యత్తు చెప్పదు. చదవడానికి ఒక వరస ఉంది: ముందు జబ్బు పేరు సరైనదేనా, తర్వాత ఎంతవరకు పాకింది, రోగి ఒంట్లో ఓపిక ఎంత, రక్తంలోని మార్కర్లు ఆ తర్వాతే. పేరు తప్పయితే కింద రాసినవన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

ముక్క తీసే దగ్గరే సగం పని

ఈ గడ్డ చాలాసార్లు పైపొర కింద పెరుగుతుంది. ఎండోస్కోపీలో పైపైన రెండు ముక్కలు తీస్తే మామూలు పొర మాత్రమే వచ్చి "క్యాన్సర్ లేదు" అని రిపోర్టు వస్తుంది. మింగుడు పడని బాధ అలాగే ఉండి స్కాన్‌లో గోడ మందంగా కనిపిస్తుంటే ఆ రిపోర్టుతో ఆగిపోకూడదు, మళ్లీ ముక్క తీయించాలి. ఆరు నుంచి ఎనిమిది ముక్కలుంటే పరీక్షలన్నిటికీ సరిపోతాయి. తీసిన వెంటనే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, ముక్క కంటే ద్రవం కనీసం పది రెట్లుండాలి. పొడి గుడ్డ మీద కాసేపు ఉంచినా ముక్క ఎండిపోయి రంగులు సరిగా పట్టవు.

స్మాల్ సెల్ కణాలు చాలా సున్నితం. ఫోర్సెప్స్ గట్టిగా నొక్కితే కణాలు నలిగి నీలం గీతల్లా సాగిపోతాయి, మైక్రోస్కోపు కింద ఇంకు పులిమినట్టు ఉంటుంది. నలిగిన లింఫోమా (తెల్లకణాల క్యాన్సర్), మామూలు కార్సినాయిడ్ (మెల్లగా పెరిగే రకం గడ్డ) కూడా అచ్చం అలాగే కనబడతాయి. రిపోర్టులో "క్రష్ ఆర్టిఫాక్ట్" అనే మాట ఉంటే పేరు మీద నమ్మకం కాస్త తగ్గించుకుని మార్కర్లను మరింత జాగ్రత్తగా చూడాలి.

పేరును నిలబెట్టే మార్కర్లు

సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56, ఐఎన్‌ఎస్‌ఎం1. ఇవి కణం న్యూరోఎండోక్రైన్ (నాడీకణాల్లా ఉంటూ హార్మోన్లు స్రవించే) జాతిదని చెబుతాయి. సీడీ56 ఒక్కటే పాజిటివ్ అయి మిగతావి నెగటివ్ అయితే అది బలహీనమైన సాక్ష్యం, ఎందుకంటే బేసలాయిడ్ స్క్వేమస్ క్యాన్సర్‌లోనూ (పైపొర కణాల నుంచి పుట్టే రకం) సీడీ56 వెలగవచ్చు. అప్పుడు స్క్వేమస్ కణాలను చూపే పీ40 మార్కర్ చూడాలి. అది దాదాపు అన్ని కణాల్లో గట్టిగా పాజిటివ్ అయితే స్క్వేమస్ వైపే మొగ్గాలి. లింఫోమా కాదని తేల్చడానికి ఎల్‌సీఏ, మెలనోమా కాదని తేల్చడానికి సాక్స్10 చేయిస్తారు.

టీటీఎఫ్-1 (ఊపిరితిత్తి క్యాన్సర్లలో తరచూ కనిపించే మార్కర్) విషయంలో చాలామంది పొరబడతారు. అది పాజిటివ్ అనగానే "ఊపిరితిత్తి నుంచి వచ్చింది" అనేస్తారు. అన్నవాహికలోనే పుట్టిన స్మాల్ సెల్‌లోనూ టీటీఎఫ్-1 పాజిటివ్ రావచ్చు. గడ్డ ఎక్కడ పుట్టిందో తేల్చేది ఛాతీ సీటీ: ఊపిరితిత్తిలో గానీ శ్వాసనాళాల పక్కన గానీ గడ్డ ఉందా లేదా అన్నది.

ఇప్పుడు కి-67. ఇది విభజన దశలో ఉన్న కణాల శాతం. 2019 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ ప్రకారం న్యూరోఎండోక్రైన్ గడ్డల్లో 3 శాతం లోపు గ్రేడ్ 1, 3 నుంచి 20 వరకు గ్రేడ్ 2. 20 దాటితే రెండు దారులు: కణాలు మామూలు కణాల్లా పొందికగా ఉంటే గ్రేడ్ 3 ట్యూమర్, చెదిరిపోయి ఉంటే కార్సినోమా (స్మాల్ సెల్ ఇందులోదే). స్మాల్ సెల్‌లో ఈ అంకె సాధారణంగా 60, 70 పైనే ఉంటుంది. అంటే 80, 90 అనేది ఈ జబ్బు సహజ లక్షణం, కొత్తగా వచ్చిపడిన చెడ్డవార్త కాదు. మా దృష్టిలో తక్కువ అంకే ఎక్కువ ప్రశ్నలు లేపాలి. "స్మాల్ సెల్" అని రాసి కి-67 15 శాతం ఉంటే ఆ పేరు మీద అనుమానం రావాల్సిందే. నలిగిన కార్సినాయిడ్‌ను స్మాల్ సెల్ అనుకుని కీమో మొదలుపెట్టే ప్రమాదం అక్కడే ఉంది.

లెక్కించే పద్ధతి ఇది. గోధుమరంగు ఎక్కువగా కమ్ముకున్న చోటు ఎంచుకుని ఫొటో తీసి, ప్రింటు మీద కనీసం 500 కణాలు గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టాలి. 500లో 275 గోధుమరంగువైతే 55 శాతం. మధ్యలో ఇరుక్కున్న లింఫోసైట్లు కూడా రంగు పడతాయి, వాటిని కలిపేస్తే అంకె పెరిగిపోతుంది. 90 దగ్గర ఉన్నప్పుడు కంటి అంచనా చాలు. 20, 55 దగ్గర ఉన్నప్పుడు లెక్క తప్పనిసరి.

20 నుంచి 55 మధ్య ఉండి పేరు తేలకపోతే కణ విభజనను అదుపు చేసే ప్రోటీన్లయిన ఆర్‌బీ, పీ53 పరీక్షలు అడగండి. ఆర్‌బీ పూర్తిగా మాయమై, పీ53 అసహజంగా ఉంటే కార్సినోమా. రెండూ మామూలుగా ఉంటే గ్రేడ్ 3 ట్యూమర్ అయ్యే అవకాశం ఎక్కువ, దాని వైద్యం వేరు, రోగులు ఎక్కువ కాలం బతుకుతారు కూడా. స్క్వేమస్ గానీ అడినో (గ్రంథి కణాల) క్యాన్సర్ గానీ కలిసి ఉండి రెండు భాగాలూ చెరి 30 శాతానికి తగ్గకపోతే దాన్ని మినెన్ (మిశ్రమ గడ్డ) అంటారు. చిన్న ముక్కలో ఒక భాగమే దొరకవచ్చు కాబట్టి ఇది ఆపరేషన్ తర్వాతే తేలడం మామూలే.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం చాలదు. ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు, రంగు వేసిన స్లైడ్లు, మార్కర్ల స్లైడ్లు అన్నీ తీసుకెళ్లాలి. బ్లాకు మీది నంబరు రిపోర్టులోని నంబరుతో సరిపోయిందో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మే నెల ఎండలో మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మైనం మెత్తబడుతుంది, చేతిసంచిలో ఉంచుకోండి. ఈ జబ్బు వేగంగా పెరుగుతుంది. స్లైడ్లు తిరిగే రోజుల్లోనే స్కాన్లు, గుండె, కిడ్నీ పరీక్షలు పూర్తి చేయించాలి.

ఎంతకాలం అన్న ప్రశ్న

దీనికి అన్నిటికంటే గట్టి జవాబిచ్చేది ఏ మార్కరూ కాదు, వ్యాప్తి. ఛాతీ, పొట్ట సీటీ, వీలైతే ఎఫ్‌డీజీ పెట్ స్కాన్, మెదడు ఎంఆర్‌ఐ. జబ్బు అన్నవాహిక, దగ్గరి గ్రంథుల వరకే ఉండి ఒకే రేడియేషన్ పరిధిలో ఇమిడితే పరిమితం, కాలేయానికో ఎముకకో వెళ్తే విస్తృతం. పరిమితంలో కీమో, రేడియేషన్ కలిపి నయం చేసే ప్రయత్నం ఉంటుంది, ఎంపిక చేసిన కొందరికి ఆపరేషన్. విస్తృతంలో సిస్ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్‌తో ఎటోపోసైడ్, సాధారణంగా నాలుగు నుంచి ఆరు సైకిళ్లు (విడతలు).

నార్డిక్ దేశాల ఆసుపత్రుల్లో ముదిరిన జీర్ణకోశ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా ఉన్న 305 మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. కీమో తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 11 నెలలు, తీసుకోనివారిది ఒక నెల. మధ్యస్థం అంటే సగం మంది అంతకు మించి బతికారని. కి-67 55 శాతం లోపు ఉన్నవారిలో ప్లాటినం కీమోకు గడ్డ తగ్గింది 15 శాతం మందిలోనే, 55, ఆపైన ఉన్నవారిలో 42 శాతం మందిలో. అయినా బతికిన కాలం మాత్రం తక్కువ అంకె వారిదే ఎక్కువ, 14 నెలలు, రెండో గుంపుకు 10. ఎక్కువ అంకె అంటే కీమోకు లొంగే అవకాశం కూడా ఎక్కువని అందరికీ చెప్పాలి. అదే అధ్యయనంలో మంచానికి పరిమితమైనవారికి, రక్తంలో ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), ప్లేట్‌లెట్లు పెరిగినవారికి ఫలితం తక్కువగా ఉంది. ఓపిక నిలవాలంటే తిండి లోపలికి పోవాలి. మింగలేకపోతే బరువు కరిగేదాకా ఆగకుండా తొలివారంలోనే ఫీడింగ్ ట్యూబ్ గురించి అడగండి.

రక్తం మార్కర్లలో జరిగే పొరపాట్లు

ఎన్‌ఎస్‌ఈ (న్యూరోఎండోక్రైన్ కణాల ఎంజైమ్), ఎల్‌డీహెచ్ రెండూ ఎర్రకణాల్లోనూ ఉంటాయి. సిరంజితో గట్టిగా లాగినా, నమూనా గంటలకొద్దీ పడి ఉన్నా కణాలు పగిలి అంకె అబద్ధంగా పెరుగుతుంది. ఎన్‌ఎస్‌ఈకి గంటలోపు సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి సీరం వేరుచేయడం) చేయాలి. సీరం ఎర్రగా ఉంటే ఆ ఫలితం పక్కన పెట్టి మళ్లీ తీయించాలి. ఎల్‌డీహెచ్ నమూనా ఫ్రిజ్‌లో పెట్టకూడదు. కీమో తర్వాత తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ వేసినా ఎల్‌డీహెచ్ పెరుగుతుంది, కాబట్టి ఇంజెక్షన్ తేదీ ఫైల్లో రాసి ఉంచాలి.

ప్రోజీఆర్‌పీ (స్మాల్ సెల్‌లో చూసే మరో రక్త మార్కర్) కిడ్నీ మందగిస్తే పెరుగుతుంది. సిస్ప్లాటిన్ వాడేవారిలో అదే రోజు క్రియాటినిన్ చూడకుండా దాన్ని చదవకూడదు. రక్తంలోని క్రోమోగ్రానిన్ గ్యాస్ మాత్రలతో ఎన్నో రెట్లు పెరుగుతుంది, పాంటాప్రజోల్ వంటివి ఆపిన రెండు వారాలకు గానీ నమ్మదగ్గ అంకె రాదు. పైగా స్మాల్ సెల్‌లో దానితో ఒరిగేది తక్కువ. డబ్బు ఆదా చేయాలంటే ముందు దాన్నే వదిలేయవచ్చు.

ఏ మార్కరైనా చికిత్సకు ముందు ఒకసారి, తర్వాత ప్రతి రెండు సైకిళ్లకు, ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయించాలి. ల్యాబు మారితే పాత అంకెతో పోలిక కుదరదు. ఒక్కసారి పెరిగినంత మాత్రాన మందు మార్చరు: నమూనా మళ్లీ తీయించి, అది కూడా పెరిగి ఉంటే స్కాన్ ముందుకు జరుపుతారు.