ప్రొపోలిస్ టింక్చర్: తయారీ, వాడకం, జాగ్రత్తలు

చెట్ల మొగ్గల నుంచి, బెరడు గాట్ల నుంచి కారే బంకను తేనెటీగలు తెచ్చి, మైనం కలిపి గూటి సందుల్లో మెత్తుతాయి. ఇదే ప్రొపోలిస్. ఇందులో రమారమి సగం బంక, 30 శాతం మైనం, 10 శాతం సుగంధ నూనెలు, మిగతాది పుప్పొడి, నలుసులు. సూక్ష్మజీవులను అడ్డుకునే ఫ్లేవనాయిడ్లు, ఫీనాలిక్ ఆమ్లాలు ఉండేది బంకలోనే. అందుకే బంకను ఆల్కహాల్‌లోకి రాబట్టి మైనాన్ని వదిలించుకోవడమే టింక్చర్ (ఆల్కహాల్‌లో తీసిన సారం) తయారీలో అసలు పని.

సరుకు శుభ్రంగా లేకపోతే ఆ తర్వాత ఏం చేసినా వృథా. తేనెటీగల పెట్టె గోడల నుంచి గీకిన దాంట్లో చెక్కపొట్టు, పెయింట్ పెచ్చులు వస్తాయి. పాత పెయింట్లో సీసం ఉండవచ్చు. పురుగుమందు పెట్టిన పెట్టెలోది కూడా వద్దు. సన్నని చీలికలున్న ప్లాస్టిక్ వలను ఫ్రేముల మీద, మూత కింద పరిస్తే ఈగలే ఆ సందులు పూడ్చేస్తాయి. నిండిన వలను కొన్ని గంటలు డీప్ ఫ్రీజర్లో ఉంచి, బయటికి తీసిన వెంటనే మెలిపెడితే పెళపెళా రాలుతుంది. వెచ్చబడితే చేతికి అంటుకుపోతుంది కాబట్టి పొడి చేయడం కూడా చల్లగా ఉండగానే. ఆ పొడిని చన్నీళ్లలో వేసి కలిపితే మైనం, పుల్లలు పైకి తేలతాయి. వాటిని వంపేసి, అడుగున మిగిలినదాన్ని నీడలో పూర్తిగా ఆరబెట్టండి.

30 గ్రాముల పొడికి 70 శాతం ఇథనాల్ 100 మి.లీ. కావాలి. 95 శాతం ఇథనాల్ ఉంటే 74 మి.లీ. తీసుకుని, శుద్ధమైన నీళ్లతో 100 మి.లీ. చేయండి. 70 శాతం కంటే గాఢమైన ఆల్కహాల్ మైనాన్ని ఎక్కువగా లాగుతుంది. మరీ పలచనైతే బంక సరిగా కరగదు. ఆహారానికి పనికొచ్చే ఇథనాల్ మాత్రమే వాడాలి. సర్జికల్ స్పిరిట్, పాలిష్ స్పిరిట్, శానిటైజర్ ఏవీ పనికిరావు: వాటిలో మిథనాల్ లాంటి విషాలు ఉండవచ్చు, మిథనాల్ చూపును, ప్రాణాన్ని కూడా తీయగలదు.

గాజు సీసాలో పోసి, మూత బిగించి, రెండు మూడు వారాలు చీకట్లో ఉంచండి. రోజుకోసారి బాగా ఊపాలి, లేకపోతే పొడి అడుగున గడ్డకడుతుంది. తొందరపడి పొయ్యి మీద పెట్టకండి. ఆవిరికి మంట అంటుకుంటుంది, సుగంధ నూనెలూ పోతాయి. తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితంతో వడకట్టి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగానే మళ్లీ వడకట్టండి. కరిగి ఉన్న కాస్త మైనం చలికి గడ్డకట్టి కాగితం మీదే ఆగిపోతుంది. ఈ రెండో వడపోత మానేస్తే టింక్చర్ మబ్బుగా ఉంటుంది.

వేసిన 30 గ్రాములూ కరగవు. సగం దాకా పిప్పిగా మిగులుతుంది. కొనేటప్పుడు సీసా మీద ‘30 శాతం’ అని ఉంటే, అది వేసిన ముడిసరుకా, కరిగిన బంకా అన్నది చూసుకోండి.

నోటిపూతకు, చిగుళ్ల వాపుకు అరగ్లాసు నీళ్లలో 20 చుక్కలు వేసి పుక్కిలించి ఉమ్మేయాలి. నీళ్లు పాలలా తెల్లబడటం మామూలే. పెదవి మీది హెర్పిస్ పొక్కులు ప్రొపోలిస్ లేపనంతో త్వరగా మానినట్టు క్లినికల్ పరీక్షల్లో కనిపించింది. జలుబు, షుగర్, క్యాన్సర్ నయమవుతాయన్న ప్రచారాన్ని నమ్మి మందులు ఆపవద్దు. లోతైన గాయాలకూ, కాలిన చోటా టింక్చర్ పూయకూడదు, ఆల్కహాల్ మంట పుట్టిస్తుంది.

అలర్జీ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ముంజేతి లోపల ఒక చుక్క పూసి 48 గంటలు చూడండి. ఎర్రబడినా, దురద పెట్టినా మానేయండి. మొదట్లో పడినవాళ్లకే వాడగా వాడగా పడకపోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు, తేనెటీగల ఉత్పత్తులు పడనివాళ్లు దూరంగా ఉండాలి. గర్భిణులు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగాలి. పసిపిల్లలకు అసలు వద్దు.

ముదురు రంగు సీసాలో, చల్లని చోట దాచండి. రబ్బరు డ్రాపర్ ఆల్కహాల్‌కి పాడవుతుంది. మామూలు మూత పెట్టి, వాడేటప్పుడే డ్రాపర్ ముంచండి. బిరడా అతుక్కుపోకుండా సీసా మెడను ఆల్కహాల్ గుడ్డతో తుడవాలి. బట్టల మీద పడిన మరకకూ అదే వాడాలి, వట్టి నీళ్లతో పోదు.