రెండు మూడు రోజుల సముద్రతీర యాత్రలో ఆడే గోల్ఫ్ కోర్సును ఎలా ఎంచుకోవాలి?

అనంతపురంలోనో కర్నూలులోనో కడపలోనో ఉంటూ గోల్ఫ్ ఆడేవారికి ఆట అంటేనే ప్రయాణం. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 215 కిలోమీటర్లు. కర్నూలు నుంచి హైదరాబాదూ ఇంచుమించు అంతే. కడపవారు చెన్నై చేరాలంటే 260 కిలోమీటర్ల దాకా వెళ్లాలి. అలవాటైన కోర్సే అంత దూరాన ఉన్నప్పుడు, కుటుంబంతో సముద్రం ఒడ్డుకు వెళ్లే నాలుగు రోజుల సెలవులో కిట్టు కూడా బండి ఎక్కించాలనిపించడం సహజం. ఎలాగూ వెళ్తున్నాం కదా అని మూడు కోర్సులకు టైము అడిగేవాళ్లను చూస్తుంటాను. అలా చేయకండి. చిన్న యాత్రకు ఒక్క కోర్సు చాలు, దాన్నే రెండుసార్లు ఆడాలి. ఎందుకో పోనుపోను మీకే తెలుస్తుంది. ముందు ఆ ఒక్కటీ ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

1. రోజులు కాదు, పూటలు లెక్కపెట్టండి

18 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంతలు) ఆడటానికి నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది. బస నుంచి కోర్సుకు రాకపోకలు, ఆటకు ముందు కాసేపు పటింగ్ (బంతిని గుంతలోకి దొర్లించడం), ఆట అయ్యాక స్నానం, టిఫిను కలిపితే ఒక పూట మొత్తం దానికే పోతుంది. మూడు రోజుల యాత్రలో బండి దిగిన పూట, బండి ఎక్కే పూట తీసేస్తే మిగిలేవి నాలుగు. పిల్లలకు సముద్రం చూపిస్తానని మాట ఇచ్చి ఉంటారు కాబట్టి అందులో రెండు వాళ్లవి. మీ చేతిలో ఉండేవి రెండు ఉదయాలు, అంతే. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన రోజు మాత్రం ఆట పెట్టుకోవద్దు. నడుము పట్టేసిన మనిషి స్వింగ్ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

సాయంత్రం ఆడదామనుకునేవారు సూర్యాస్తమయం చూసుకోవాలి. డిసెంబరులో విశాఖలో అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. గోవా పడమటి తీరాన ఉంది కాబట్టి అక్కడ ఇంకో అరగంటకు పైగా వెలుగు ఉంటుంది.

2. తీరం తేల్చుకోండి

సీమవారికి ప్రధానంగా మూడు దారులున్నాయి.

విశాఖపట్నంలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. పూర్తి 18 హోల్స్ కోర్సు. తూర్పు కనుమల అంచున ఎత్తుపల్లాల నేల మీద ఆడాలి. సముద్రం ఊరికి ఆనుకునే ఉంది కాబట్టి ఆట ముగించుకుని మధ్యాహ్నానికల్లా ఇంటిల్లిపాదితో బీచిలో ఉండవచ్చు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ధర్మవరం, అనంతపురం, గుంతకల్లు, డోన్, నంద్యాల మీదుగా విశాఖ వెళ్తుంది. కర్నూలువారు డోన్‌లో ఎక్కితే సరిపోతుంది. కడపవారు తిరుమల ఎక్స్‌ప్రెస్ సొంత ఊళ్లోనే ఎక్కవచ్చు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైనప్పుడు కర్నూలు నుంచి విశాఖకు నేరుగా విమానం వేశారు. సర్వీసులు మారుతుంటాయి కాబట్టి తేదీలు ఖరారు చేసుకునే ముందు మళ్లీ చూసుకోవాలి.

గోవా సంగతి వేరు. దక్షిణ గోవాలో కాణకోణ దగ్గర రాజ్‌బాగ్ బీచి పక్కన ఉన్న లలిత్ రిసార్టులో తొమ్మిది హోల్స్ కోర్సు ఉంది. ఒక్కో హోల్‌కు రెండు టీలు (మొదటి షాట్ కొట్టే చోట్లు) ఉండటంతో రెండు చుట్లు తిరిగితే 18 అవుతాయి. రెండో చుట్టులో అదే గ్రీన్‌ను (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డిని) వేరే దూరం నుంచి, వేరే కోణం నుంచి కొడతారన్నమాట. తొమ్మిది హోల్స్ అని తీసిపారేసేవారున్నారు కానీ, చిన్న యాత్రకు నాకు అదే నచ్చుతుంది. ఒక చుట్టు ఆడి రెండు గంటల్లో బయటపడే వెసులుబాటు ఉంటుంది. ఇంట్లోవాళ్ల ముఖాలు చూసి రెండో చుట్టు సంగతి తేల్చుకోవచ్చు! బెనౌలిం దగ్గర తాజ్ ఎగ్జోటికాలో ఉన్నది చిన్న షాట్ల కోర్సు. డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే దూరం కొట్టే కర్రతో, పనిలేదు, ఆట నేర్చుకుంటున్న పిల్లలకు బాగుంటుంది. హౌరా నుంచి వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, గుంతకల్లు మీదుగా మడగావ్ చేరుస్తుంది. అది రోజూ ఉండదు కాబట్టి ముందు బండి రోజు చూసుకుని తర్వాతే కోర్సు టైము అడగండి.

కడపవారికి అన్నిటికంటే దగ్గర చెన్నై. నందనంలోని కాస్మో–టీఎన్‌జీఎఫ్ కోర్సు నగరం నడిబొడ్డున ఉన్న 18 హోల్స్ మైదానం. అక్కడి నుంచి సముద్రం కనిపించదు గానీ గాలి వచ్చేది సముద్రం నుంచే. గిండీ రేస్‌కోర్సు లోపల జింఖానా క్లబ్బువారి కోర్సు ఉండేది. 2024లో తమిళనాడు ప్రభుత్వం ఆ రేస్‌క్లబ్ లీజును రద్దు చేసింది. కాబట్టి దాన్ని నమ్ముకుని టికెట్లు కొనవద్దు.

తీరం పక్కన ఉన్న ప్రతి కోర్సునూ లింక్స్ అనేస్తుంటారు. అసలైన లింక్స్ అంటే సముద్రానికీ సాగునేలకూ మధ్య ఇసుక దిబ్బల మీద, చెట్టూ చేమా అంతగా లేని చోట వేసిన కోర్సు. స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ దానికి పేరుపొందిన ఉదాహరణ. ఒక ఆటకు 18 హోల్స్ అన్న లెక్క కూడా 1764లో అక్కడే మొదలైంది. ప్రకటనలో ఆ మాట చూసి మురిసిపోకుండా మైదానం ఫోటోలు వెతికి చూడండి. కొబ్బరిచెట్లు, చెరువులు కనిపిస్తే అది రిసార్టు కోర్సు. ఆ ఆట తీరు వేరు, దానికి తగ్గట్టే బంతులు ఎక్కువ పెట్టుకోవాలి.

3. నెల చూసుకోండి

గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన తెరిపి ఇవ్వదు. తూర్పు తీరంలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో మరిచిపోలేదు కదా. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ పొడిగా మాడిస్తుంది, తీరంలో ఎండ చెమటతో నానబెడుతుంది. మన ఎండకు తట్టుకునే మనిషి కూడా అక్కడ పదో హోల్‌కు డీలా పడతాడు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గోవా, విశాఖ బాగుంటాయి. చెన్నైలో డిసెంబరులోనూ వానలుంటాయి కాబట్టి జనవరి దాకా ఆగితే మంచిది.

4. డబ్బు కట్టే ముందు క్లబ్బుకు ఫోను చేయండి

మన దేశంలో చాలా కోర్సులు సభ్యుల క్లబ్బులవి. బయటివారు ఆడాలంటే సభ్యుడి వెంట వెళ్లాలి, లేదా మీ క్లబ్బుకూ వాళ్లకూ ఒప్పందం ఉండాలి, లేదా గ్రీన్ ఫీజు, అంటే ఆ రోజు ఆటకు రుసుము, కట్టాలి. ఈ మూడింటిలో ఏది కుదురుతుందో వెబ్‌సైటులో సరిగా ఉండదు, ఉన్నా పాతబడి ఉంటుంది. ఫోనే శరణ్యం. క్యాడీ అంటే కిట్టు మోసే మనిషి, హ్యాండీక్యాప్ అంటే మీ ఆట స్థాయి చెప్పే అంకె. ఇలా అడిగితే పని త్వరగా అవుతుంది:

“నమస్కారమండీ. మేం అనంతపురం నుంచి వస్తున్నాం, ఇద్దరం. శుక్రవారం పొద్దున ఆరున్నరకు టీ టైము దొరుకుతుందాండీ? బయటివాళ్లకు గ్రీన్ ఫీజు ఎంత? క్యాడీ డబ్బు అందులోనే కలిసి ఉంటుందా, విడిగా ఇవ్వాలా? హ్యాండీక్యాప్ కార్డు చూపించాలా? ఆ రోజు టోర్నమెంటు ఏమైనా ఉందా?”

చివరి ప్రశ్న మాత్రం వదిలేయకండి. శని, ఆదివారాల్లో సభ్యుల పోటీలుంటే బయటివారికి చోటు ఉండదు. మరమ్మతులకని చాలా క్లబ్బులు సోమవారం మూసేస్తాయి. అందుకే సీమవారి చిన్న యాత్రకు గురు, శుక్రవారాల ఆట శ్రేష్ఠం. ఫీజూ తక్కువ, జనమూ తక్కువ. గడ్డికి గాలి ఆడాలని గ్రీన్లలో చిల్లులు పొడిచి ఇసుక కొట్టారేమో కూడా అడగండి. పొడిచి వారం రోజులు కాకపోతే పటింగ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

కాలరున్న టీషర్టు, జీన్స్ కాని ప్యాంటు, మెత్తటి స్పైకుల బూట్లు ఉంటే ఎక్కడా అభ్యంతరం ఉండదు.

5. మీ బలానికి తగిన టీ ఎంచుకోండి

కోర్సు మీకు సరిపోతుందో లేదో తేలేది ఇక్కడే. మీ 5–ఐరన్ (ఇనుప తలల కర్రల్లో ఒకటి, అంకె తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది) ఎంత దూరం పోతుందో నిజాయతీగా చెప్పుకుని దాన్ని 36తో హెచ్చవేయండి. 150 గజాలు అయితే 5,400. మొత్తం పొడవు ఆ పరిసరాల్లో ఉన్న టీ మీది. స్కోరుకార్డు మీద స్లోప్ అని కోర్సు ఎంత కష్టమో చెప్పే ఒక అంకె ఉంటుంది. 55 నుంచి 155 దాకా ఉండే ఆ లెక్కలో 113ను ప్రామాణికంగా తీసుకుంటారు. అలవాటైన కోర్సు స్లోప్ 120, కొత్తది 135 అయితే వెనక టీ జోలికి పోకండి. పక్కవాళ్లు వెనక నుంచి కొడుతున్నారని మీరూ అక్కడే నిలబడితే ఆ నాలుగు గంటలూ శిక్షే.

6. గాలినీ ఎత్తునూ లెక్కలోకి తీసుకోండి

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి పలచన, బంతికి అడ్డు తక్కువ. అక్కడ 150 గజాలు పోయే షాట్ సముద్రం ఒడ్డున 145 దగ్గర ఆగుతుంది. హైదరాబాదులో ఆడేవారికి ఆ తేడా అందులో సగానికి కాస్త ఎక్కువ. తీరంలో తేమ గాలి బరువుగా ఉండి బంతిని ఆపుతుందని చాలామంది అంటారు. నిజానికి తేమ ఉన్న గాలి పొడి గాలికంటే కొంచెం తేలికే. బంతిని ఆపేది మీరు దిగివచ్చిన ఎత్తు.

దీనికి గాలివేగం కలుస్తుంది. గంటకు 16 కిలోమీటర్ల ఎదురుగాలిలో దూరం సుమారు పదో వంతు తగ్గుతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే కలిసొచ్చేది అందులో సగమే. జెండా 150 గజాల దూరంలో ఉండి ఎదురుగాలి వీస్తుంటే 15 గజాలు గాలికి, 5 గజాలు ఎత్తుకు కలపండి. మీరు కొట్టాల్సింది బెంగళూరు లెక్కన 170. అంటే మీరు 150కి 7–ఐరన్ పట్టేవారైతే ఇక్కడ 5–ఐరన్. దాన్ని నింపాదిగా తిప్పండి. గట్టిగా కొట్టేకొద్దీ బంతి మరింత తిరుగుతూ పైకి లేచి, గాలికి చిక్కి దగ్గర్లోనే పడుతుంది. “సార్, రెండు ఎక్కువ తీసుకోండి” అని క్యాడీ చెప్తే వాదించకండి. ఆ గాలిలో రోజూ తిరిగేది ఆయన.

టైము ఎంచుకోవడానికీ ఇదే ఆధారం. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నీరు చల్లబడదు. అందువల్ల తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. పొద్దెక్కి నేల కాగాక, పదీ పదకొండు గంటలకు గాలి తిరిగి సముద్రం నుంచి లోపలికి కొడుతుంది. ఆరున్నరకు మొదలుపెట్టినవారు చాలా హోల్స్ ప్రశాంతంగా ఆడతారు. తొమ్మిదింటికి మొదలుపెట్టినవారికి రెండో సగంలో మొత్తం లెక్క తారుమారవుతుంది.

7. రెండు రౌండ్లూ ఒకేలా ఆడకండి

ఒకే కోర్సు రెండుసార్లు ఆడమన్నది ఇందుకే. మొదటి ఉదయం స్కోరు రాసుకోకపోయినా ఫరవాలేదు. ఏ హోల్‌లో గాలి ఎటు నుంచి వస్తోంది, ఏ గ్రీన్ వెనక పల్లం ఉంది, ఏ ఐరన్ నిజంగా ఎంత పోతోంది అన్నవి కార్డు అంచున రాసుకోండి.

గ్రీన్ చేరాక వంగి కప్పు అంచు చూడండి. వేడి ప్రాంతాల గ్రీన్లలో ఎక్కువగా ఉండే బెర్ముడా రకం గడ్డి ఒక వైపుకు పడుకుని పెరుగుతుంది. కప్పు చుట్టూ ఒక పక్క అంచు నున్నగా కోసినట్టు ఉండి, ఎదుటి పక్క చిరిగి గోధుమ రంగుకు తిరిగి ఉంటే, గడ్డి ఆ చిరిగిన పక్కకు మొగ్గి ఉందని అర్థం. అటు వెళ్లే బంతి వేగంగా జారుతుంది, అడ్డంగా వెళ్లే బంతి అటే వంగుతుంది. నిలబడి చూస్తే గడ్డి మెరుస్తూ కనిపిస్తే బంతి దాని వాలున పోతుంది, ముదురుగా కనిపిస్తే ఎదురు వెళ్లాలి. ఇది ఒక్క రౌండులో ఒంటబట్టదు. రెండో ఉదయానికి చెయ్యి తిరుగుతుంది. అప్పుడు స్కోరు రాయండి. కొత్త కోర్సుకు వెళ్లి ఉంటే ఆ రెండో ఉదయమూ నేర్చుకోవడంలోనే గడిచిపోయేది.

8. కిట్టు సంగతి

నిబంధన ప్రకారం కిట్టులో 14 క్లబ్బుల (కర్రల) దాకా ఉండవచ్చు. అన్నీ మోయనక్కర్లేదు. దేశీయ విమానాల్లో మామూలు టికెట్టుకు చెక్–ఇన్ సామాను 15 కిలోలు, క్యాబిన్‌లోకి క్లబ్బులు రానివ్వరు. ఎనిమిదో తొమ్మిదో తీసుకుని బట్టలు అదే బ్యాగులో సర్దుకోవచ్చు. రైల్లో అయితే బరువు బాధ లేదు గానీ, బ్యాగును నిలువుగా ఆనించకుండా కింది బెర్తు కిందికి తోసి గొలుసు వేయండి. ఆట అయిన వెంటనే ఐరన్లను మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఉప్పుగాలి పట్టిన క్లబ్బును అలాగే కవరులో కుక్కి అనంతపురం చేరేసరికి తుప్పు చుక్కలు తేలి ఉంటాయి.